54 కోట్ల ఎర్ర ముఖాలు

అర గ్లాసు బీరు, అంటే 180 మిల్లీలీటర్లు. అందులో ఉండే ఆల్కహాల్ సుమారు 7 గ్రాములు, రెండు చిన్న చెంచాలకు కూడా తక్కువే. టోక్యోలోనో సియోల్‌లోనో ఆఫీసు విందులో ఆ కాస్త గొంతు దిగిన కొద్ది నిమిషాలకే కొందరి ముఖం చెవుల దాకా ఎర్రబడుతుంది. గుండె దడదడలాడుతుంది, తల దిమ్మెక్కుతుంది, కడుపులో తిప్పుతుంది. పక్కన కూర్చున్నవాడు మూడో గ్లాసులో ఉన్నా మామూలుగానే కబుర్లు చెబుతుంటాడు. ఎర్రబడ్డవాడికి మాత్రం ఆ సాయంత్రం అక్కడితో ఆగిపోవాలి. ఆగనివ్వకపోతేనే అసలు చిక్కు.

2009 నాటి అంచనా ప్రకారం ప్రపంచంలో ఇలాంటి శరీరమున్నవాళ్లు దాదాపు 54 కోట్ల మంది, అప్పటి జనాభాలో 8 శాతం. అత్యధికులు తూర్పు ఆసియా మూలాలవాళ్లే. జపాన్, చైనా, కొరియా జనాల్లో సుమారు 36 శాతం మందిది ఇదే పరిస్థితి. తైవాన్‌లో ఇంకా ఎక్కువ, సగానికి సగం ఉంటారు. మన దేశంలో ఈ లక్షణం చాలా అరుదు. అయినా తెలుగు పాఠకుడు దీని గురించి తెలుసుకోవాలని నేను గట్టిగా అనుకుంటున్నాను. ‘రెండు పెగ్గులు గుండెకు మంచిదట’ అని మన విందుల్లో దశాబ్దాలుగా తిరుగుతున్న మాటను గట్టిగా పరీక్షకు పెట్టింది ఈ ఎర్ర ముఖాలే.

ముందు ఒంట్లో జరిగేది చూద్దాం. ఆల్కహాల్‌ను శరీరం రెండు అంచెల్లో వదిలించుకుంటుంది. మొదటి అంచెలో అది ఎసిటాల్డిహైడ్‌గా మారుతుంది. ఇది విషం. రెండో అంచెలో ఏఎల్‌డీహెచ్2 అనే ఎంజైమ్ ఆ విషాన్ని ఎసిటేట్‌గా మార్చేస్తుంది. అది ప్రమాదం లేని పదార్థం, వెనిగర్‌కు దగ్గరి చుట్టం. ఎర్రబడేవాళ్లలో ఈ రెండో ఎంజైమ్ కుంటుతుంది. కారణం జన్యువులో ఒకే ఒక్క అక్షరం మారడం. ఆ అక్షరం వల్ల ఎంజైమ్ గొలుసులో 504వ పూస మారిపోతుంది. గ్లుటమేట్ ఉండాల్సిన చోట లైసిన్ వచ్చి కూర్చుంటుంది. విషం పుడుతూనే ఉంటుంది, ఖాళీ అవ్వదు. రక్తంలో పేరుకుంటుంది. రక్తనాళాలు ఉబ్బి ముఖం ఎర్రబడుతుంది, గుండె వేగం పెరుగుతుంది.

జన్యువు తల్లి నుంచి ఒక ప్రతి, తండ్రి నుంచి ఒక ప్రతి వస్తుంది కదా. ఒకటి మంచిది, ఒకటి చెడ్డది అయితే ఎంజైమ్ సగమైనా పనిచేయాలి అనిపిస్తుంది. లెక్క అలా తేలదు. ఈ ఎంజైమ్ నులకమంచం లాంటిది. నాలుగు కోళ్లు కలిస్తేనే నిలబడుతుంది. కోళ్ల కుప్పలో సగం మంచివి, సగం పుచ్చినవి ఉన్నాయనుకుందాం. చూడకుండా నాలుగు తీసి మంచం కడితే నాలుగూ మంచివే పడే అవకాశం ఎంత? సగంలో సగం, అందులో సగం, అందులో సగం. అంటే 16 మంచాల్లో ఒకటి. ఒక్క కోడు పుచ్చినా మంచం ఊగుతుంది. అందుకే ఒకే చెడ్డ ప్రతి ఉన్నవాళ్లలో కూడా ఎంజైమ్ సత్తా సగానికి చాలా కిందికి పడిపోతుంది. రెండూ చెడ్డవే అయితే దాదాపు సున్నా.

రెండూ చెడ్డవే ఉన్నవాళ్లు తాగుడుకు బానిసలవడం అరుదు. వాళ్ల ఒళ్లు తాగనివ్వదు, ఒక గ్లాసుకే పడుకోబెడుతుంది. ఒకే చెడ్డ ప్రతి ఉన్నవాళ్ల కథ వేరు. వాళ్లకు బాధగానే ఉంటుంది, కానీ ఓర్చుకోగలిగినంత బాధ. నలుగురూ బలవంతం చేస్తే తాగగలరు. కొన్నాళ్లకు అలవాటూ పడతారు.

ఈ మాటకు నాకు తెలిసిన బలమైన సాక్ష్యం జపాన్‌లో ఉంది. తాగుడు జబ్బుకు చికిత్స పొందుతున్న జపనీయుల్లో ఈ ఒక చెడ్డ ప్రతి ఉన్నవాళ్లు ఎందరో అక్కడి పరిశోధకులు లెక్కకట్టారు. 1979లో 2.5 శాతం. 1986లో 8 శాతం. 1992లో 13 శాతం. 1994లో లాన్సెట్ పత్రికలో ఈ లెక్క అచ్చయింది. పదమూడేళ్లలో ఒక జాతి జన్యువులు మారవు. మారింది చుట్టూ ఉన్న లోకం. సంపాదన పెరిగింది, ఆఫీసు తర్వాత అందరూ కలిసి తాగడం ఉద్యోగంలో భాగమైంది, పై అధికారి పోస్తే కాదనలేని మర్యాద ఒకటి ఉంది. జన్యువు వేసిన కంచెను సమాజం దాటించింది. ఈ మూడు సంఖ్యలు చదివినప్పుడల్లా, ఒళ్లు వద్దంటున్నా నవ్వుతూ గ్లాసు ఎత్తిన ఆ ఉద్యోగుల ముఖాలే నాకు కనిపిస్తాయి.

అలా దాటినవాళ్లు కట్టిన మూల్యంలో మొదటిది అన్నవాహిక క్యాన్సర్. ఎసిటాల్డిహైడ్ డీఎన్‌ఏను దెబ్బతీస్తుంది. తాగుడుతో ఒంట్లో పుట్టే ఎసిటాల్డిహైడ్‌ను అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ మొదటి వర్గం క్యాన్సర్ కారకాల్లో చేర్చింది. ఒక చెడ్డ ప్రతి ఉండి కూడా ఓ మోస్తరుగానో ఎక్కువగానో తాగే జపాన్ మగవాళ్లు కొద్దిపాటి తాగుడుకు దిగివస్తే, అక్కడి మగవాళ్లలో వచ్చే ఈ రకం క్యాన్సర్లలో 53 శాతం తప్పించవచ్చని 2009లో ఒక అంచనా వెలువడింది.

ఇక గుండె సంగతి.

1991 నవంబరులో అమెరికా టీవీ కార్యక్రమం ఒకటి ఒక వింత చూపించింది. ఫ్రెంచివాళ్లు వెన్న, జున్ను దండిగా తింటారు, అయినా వాళ్లకు గుండెజబ్బులు తక్కువ, రెడ్ వైనే కారణం కావచ్చు అని దాని సారాంశం. ఆ మాట ప్రపంచమంతా పాకింది. పరిశోధనలు కూడా వరసగా అదే గీత గీశాయి. అసలు తాగనివాళ్లకు గుండె ముప్పు కాస్త ఎక్కువ, కొంచెం తాగేవాళ్లకు తక్కువ, బాగా తాగేవాళ్లకు చాలా ఎక్కువ. కాగితం మీద ఈ గీత చేపలు పట్టే కొక్కెంలా ఉంటుంది. ఆ కొక్కేనికి చిక్కుకున్నవాళ్లలో డాక్టర్లూ ఉన్నారు.

గీత అబద్ధం కాదు, గీతలోని మనుషులను చూడాలి. ‘తాగనివాళ్లు’ అన్న ఖాతాలో ఎవరెవరున్నారు? పుట్టాక చుక్క ముట్టనివాడు ఉన్నాడు. కాలేయం దెబ్బతిని డాక్టరు తిడితే నిరుడు మానేసినవాడూ అక్కడే ఉన్నాడు. షుగరు, బీపీ వచ్చి భయపడి మానేసినవాడూ అక్కడే. జబ్బుపడి మానినవాళ్లను ఆరోగ్యంగా ఉండి తాగేవాళ్లతో పోలిస్తే తాగుడు మందులా కనిపించక ఏమవుతుంది? ఈ లొసుగును 1988లోనే బ్రిటన్ పరిశోధకులు లాన్సెట్‌లో ఎత్తిచూపారు. రెండో లొసుగు ఇంకా సూక్ష్మమైనది. మితంగా తాగేవాళ్లు చాలాసార్లు జీవితంలో అన్నీ మితంగా చేసేవాళ్లే. బ్రిటన్ జనం ఆరోగ్య వివరాలు భద్రపరిచే యూకే బయోబ్యాంక్‌లోని 3,71,463 మందిని పరిశీలించిన 2022 అధ్యయనంలో అదే తేలింది. మితంగా తాగేవాళ్లు తాగనివాళ్లకంటే పొగ తక్కువ తాగుతున్నారు, బరువు తక్కువ ఉన్నారు, కూరగాయలు ఎక్కువ తింటున్నారు, ఒంటికి ఎక్కువ పని చెబుతున్నారు. ఆ అలవాట్లను లెక్కలోకి తీసుకోగానే మద్యం ‘మేలు’ చాలావరకు కరిగిపోయింది.

మరి నిజం తేల్చేదెలా? లక్ష మందిని రెండు గుంపులు చేసి, ఒక గుంపుకు పదేళ్లు రోజూ మద్యం పోసి, రెండో గుంపును ముట్టనివ్వకుండా ఉంచి చూడలేం కదా. ఆ పని తూర్పు ఆసియాలో ప్రకృతి ఎప్పుడో చేసిపెట్టింది. ఎవరికి ఏ ప్రతి రావాలో పుట్టకముందే చీటీలు తీసినట్టు నిర్ణయమైపోతుంది. ఎర్రబడే జన్యువు వచ్చినవాడు జీవితమంతా తక్కువ తాగుతాడు. రానివాడు ఎక్కువ తాగుతాడు. వాళ్ల కూరగాయలకూ వ్యాయామానికీ ఆ చీటీతో సంబంధం లేదు. జబ్బుపడి తాగుడు మానినా చీటీ మారదు.

చైనా కదూరీ బయోబ్యాంక్ అనే భారీ అధ్యయనం ఈ చీటీలను విప్పింది. 2004 నుంచి 2008 దాకా చైనాలోని పది ప్రాంతాల్లో 5 లక్షల 12 వేలమందికి పైగా చేరారు. వాళ్లను సుమారు పదేళ్లు గమనించారు. 1,61,498 మందికి జన్యుపరీక్ష చేశారు. ఏఎల్‌డీహెచ్2 జన్యువుతో పాటు మొదటి అంచె ఎంజైమ్‌కు చెందిన మరో జన్యువునూ కలిపి చూస్తే, మగవాళ్లలో జన్యువు ఊహించే సగటు తాగుడు వారానికి 4 గ్రాముల దగ్గర మొదలై 256 గ్రాముల దాకా వెళ్లింది. అంటే 60 రెట్ల పైచిలుకు తేడా. ఇంత తేడా చూపే జన్యువులు మరెక్కడా ఇంత మందిలో దొరకవు. ఫలితాలు 2019లో లాన్సెట్‌లో వచ్చాయి.

పాత పద్ధతిలో, అంటే ‘మీరు ఎంత తాగుతారు’ అని అడిగి గీత గీస్తే మళ్లీ అదే కొక్కెం. వారానికి 100 గ్రాములు తాగేవాళ్లకు పక్షవాతం ముప్పు అందరికంటే తక్కువ. జన్యువుల లెక్కన గీస్తే కొక్కెం మాయం. గీత మొదటి నుంచి పైకే వెళ్లింది. వారానికి 280 గ్రాములు పెరిగితే రక్తం గడ్డకట్టి వచ్చే పక్షవాతం ముప్పు 27 శాతం, మెదడులో నరం చిట్లి వచ్చే పక్షవాతం ముప్పు 58 శాతం పెరిగాయి. రక్తపోటు కూడా తాగుడు వెంటే పెరిగింది. పక్షవాతానికి అడ్డుపడే ‘కొంచెం’ అన్నది ఎక్కడా దొరకలేదు.

ఈ అధ్యయనంలో నాకు అన్నిటికంటే నచ్చినది ఆడవాళ్ల లెక్క. మగవాళ్లలో 33 శాతం మంది వారంవారం తాగుతుంటే ఆడవాళ్లలో 2 శాతమే. జన్యువులు మాత్రం ఇద్దరికీ ఒకటే. ముప్పు తాగుడుతో కాకుండా జన్యువుతో నేరుగా వస్తుంటే ఆడవాళ్లలోనూ అదే తేడా కనబడాలి. కనబడలేదు. ఆ జన్యువులు ఆడవాళ్ల రక్తపోటును, పక్షవాతాన్ని కదిలించలేదు. కాబట్టి మగవాళ్లలో కనిపించిన తేడా వాళ్లు తాగిన మద్యానిదే. తాగని ఆడవాళ్లు ఏమీ చేయకుండానే ఆ పరిశోధనకు త్రాసులో రెండో పళ్లెం అయ్యారు.

గుండెపోటు దగ్గర మాత్రం నిజాయతీగా చెప్పాలి. అదే అధ్యయనంలో గుండెపోటు ముప్పు పెరిగినట్టూ తేలలేదు, తగ్గినట్టూ తేలలేదు. తాగుడు పెరిగినప్పుడు ముప్పు 0.96 రెట్లు, అంటే దాదాపు మారనట్టే. 19 దేశాలలోని 5,99,912 మంది మద్యం తాగేవాళ్ల లెక్కలు కలిపిన 2018 నాటి మరో పెద్ద పరిశీలనలో వారానికి ప్రతి 100 గ్రాముల పెరుగుదలకు పక్షవాతం 14 శాతం, గుండె వైఫల్యం 9 శాతం, రక్తపోటు చావులు 24 శాతం పెరిగాయి. గుండెపోటు ఒక్కటి 6 శాతం తగ్గినట్టు కనిపించింది. అది కూడా అడిగి రాసుకున్న లెక్కే, చీటీల లెక్క కాదు. మరోవైపు 2014లో బీఎంజే వైద్య పత్రికలో వచ్చిన 2,61,991 మంది జన్యువుల లెక్క ఉంది. తక్కువ తాగించే జన్యువు ఉన్నవాళ్లు 17 శాతం తక్కువ తాగారు, వాళ్లలో గుండెజబ్బు 10 శాతం తక్కువ. యూకే బయోబ్యాంక్ జన్యులెక్క కూడా ఇదే వైపు మొగ్గింది. కొద్ది తాగుడుకు ముప్పు కొద్దిగా, ఎక్కువ తాగుడుకు ఎన్నో రెట్లుగా పెరిగింది. వీటన్నిటినీ పక్కపక్కన పెట్టి చూస్తే నా తీర్పు ఇది. గుండెపోటు విషయంలో మద్యం మందు అని నమ్మడానికి ఆధారం పలచబడిపోయింది. ఎక్కడైనా ఏ కాస్త మేలు మిగిలి ఉందనుకున్నా, పక్షవాతం, రక్తపోటు, గుండె వైఫల్యం దాన్ని మింగేస్తాయి. 2022లో ప్రపంచ హార్ట్ ఫెడరేషన్, 2023 జనవరిలో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆరోగ్యానికి సురక్షితమైన మోతాదు అంటూ ఏదీ లేదని ప్రకటించాయి.

ఎర్రబడేవాళ్ల గుండెకు ఇంకో చిక్కు ఉంది. ఏఎల్‌డీహెచ్2 మద్యం విషాన్ని మాత్రమే తుడిచే ఎంజైమ్ కాదు. గుండెకు రక్తం అందక కణాలు నలిగినప్పుడు పుట్టే ఇతర ఆల్డిహైడ్లనూ అదే తుడుస్తుంది. 2008లో స్టాన్‌ఫోర్డ్ పరిశోధకులు ఈ ఎంజైమ్‌ను ఉత్తేజపరిచే ఆల్డా-1 అనే పదార్థం ఎలుకలకు ఇస్తే గుండెపోటులో చచ్చిపోయే కండరం 60 శాతం తగ్గింది. ఛాతీనొప్పి వచ్చినప్పుడు నాలుక కింద పెట్టుకునే నైట్రోగ్లిజరిన్‌ను ఒంట్లో పనిలోకి దింపేది కూడా ఈ ఎంజైమే. అందుకే ఎర్రబడే జన్యువున్న కొందరిలో ఆ మాత్ర సరిగా పనిచేయదని చైనాలో 2006లో గమనించారు. 2023లో స్టాన్‌ఫోర్డ్‌లోనే జోసెఫ్ వూ బృందం ఈ జన్యువున్నవాళ్ల కణాల నుంచి రక్తనాళాల లోపలి పొరను పెంచి చూసింది. ఆ పొర సరిగా సడలడం లేదు. మన దగ్గర కూడా షుగరుకు రాస్తున్న ఎంపాగ్లిఫ్లోజిన్ ఇస్తే అది కణాల్లోనూ ఎలుకల్లోనూ కుదుటపడింది. మనుషుల్లో పరీక్షించాల్సి ఉన్న సంగతి కాబట్టి ఎవరూ దీన్ని చదివి మాత్ర వేసుకోకూడదు.

మాత్ర అంటే ఒక చెడ్డ చిట్కా గుర్తొస్తోంది. ఎరుపు కనబడకుండా తాగే ముందు ఎసిడిటీకి వాడే ఫామోటిడిన్ వేసుకోవడం కొందరు యువకుల్లో అలవాటుగా ఉంది. ఆ మాత్ర చర్మం ఎర్రబడటాన్ని అణుస్తుంది, ఎసిటాల్డిహైడ్‌ను కాదు. ఇంట్లో మంట ఉండగానే అలారం తీగ కత్తిరించడం అది. ఎరుపు లేదు కదా అని ఇంకో రెండు గ్లాసులు పోతాయి, విషం ఇంకా పెరుగుతుంది. ఏళ్లతరబడి తాగితే కూడా ఎరుపు మొద్దుబారుతుంది. అందుకే జపాన్ డాక్టర్లు రెండు ప్రశ్నలు అడగడం మొదలుపెట్టారు. ఒక గ్లాసు బీరుకే ఇప్పుడు ముఖం ఎర్రబడుతుందా? తాగడం మొదలుపెట్టిన మొదటి ఒకటి రెండేళ్లలో ఎర్రబడేదా? రెండో ప్రశ్నే కీలకం. రక్తపరీక్ష లేకుండా ఈ రెండు ప్రశ్నలతోనే జన్యువున్న ప్రతి పదిమందిలో తొమ్మిదిమందిని పట్టుకోగలిగారు.

మన సంగతికి వద్దాం. మన తెలుగువాళ్లలో ఈ జన్యువు దాదాపు లేదు. లేకపోవడం వరం అనుకుంటే పొరపాటు. అర గ్లాసు దగ్గర ఆపే కాపలాదారు మనకు లేడు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే లెక్కన పదిహేనేళ్లు దాటిన మగవాళ్లలో మద్యం తాగేవాళ్లు దేశంలో 18.8 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 23.3 శాతం, తెలంగాణలో 43.3 శాతం. తెలంగాణ ఆడవాళ్లలో 6.7 శాతం, దేశ సగటు 1.3.

పైన చెప్పిన గ్రాములన్నీ మన సీసాల్లోకి మార్చి చూడాలి. మన విస్కీ, బ్రాందీల్లో ఆల్కహాల్ 42.8 శాతం. 30 మిల్లీలీటర్ల చిన్న పెగ్గులో 10 గ్రాములు. 180 మిల్లీలీటర్ల క్వార్టర్‌లో 60 గ్రాములు. 650 మిల్లీలీటర్ల మామూలు బీరు 5 శాతమైతే 26 గ్రాములు, స్ట్రాంగ్ బీరు 8 శాతమైతే 41. కల్లు మాత్రం చెట్టుకో తీరు, పూటకో తీరు. ఇప్పుడు చైనా లెక్కలోని వారానికి 280 గ్రాములు అంటే ఎంత? ఐదు క్వార్టర్లు కూడా కాదు. 19 దేశాల పరిశీలన గీసిన హద్దు వారానికి 100 గ్రాములు. అంటే రెండు క్వార్టర్ల లోపే. వారానికి 350 గ్రాములు దాటి తాగే నలభై ఏళ్లవాడికి ఆయుష్షు నాలుగైదేళ్లు తగ్గుతుందని అదే పరిశీలన అంచనా వేసింది. రోజూ ఒక క్వార్టర్ తాగేవాడిది వారానికి 420 గ్రాములు.

మనవాళ్లు వారమంతా ఆగి శనివారం రాత్రి ఒక్కసారే తాగితే పరవాలేదంటారు. 52 దేశాల ఇంటర్‌హార్ట్ అధ్యయనం దాన్నీ చూసింది. 24 గంటల్లో ఆరు డ్రింకులు, లేదా అంతకు మించి తాగితే ఆ వెంటనే గుండెపోటు ముప్పు 40 శాతం పెరిగింది. 65 దాటినవాళ్లలో అది ఐదు రెట్లు. ఆరు డ్రింకులంటే సుమారు ఒక క్వార్టర్. మొత్తం మీద చూస్తే ఇతర ప్రాంతాల్లో మద్యం గుండెపోటును కాస్త తగ్గిస్తున్నట్టు కనిపించినా, దక్షిణాసియావాళ్లలో ఆ మేలు కూడా కనిపించలేదు. దక్షిణాసియావాళ్లకు మొదటి గుండెపోటు వచ్చే సగటు వయసు 53, ఇతరులకు 58.8. ఆ ఐదారేళ్ల తేడాలో ఎన్ని ఇళ్లలో పిల్లల చదువులు, పెళ్లిళ్లు ఆగిపోయి ఉంటాయో ఏ పట్టికా చెప్పదు.

ఎర్ర ముఖంతో మనకున్న అసలైన చుట్టరికం ఒక మాత్రది. మద్యం మాన్పించే కేంద్రాల్లో ఇచ్చే డిసల్ఫిరామ్ ఈ జన్యువు చేసే పనినే చేస్తుంది. రెండో అంచె ఎంజైమ్‌ను కట్టేస్తుంది. 1940ల చివర్లో డెన్మార్క్‌లో యెన్స్ హాల్డ్, ఎరిక్ యాకబ్‌సెన్ దీన్ని కనిపెట్టారు. కడుపులో పురుగులకు మందు వెతుకుతూ మాత్ర తామే మింగి, ఆ తర్వాత కాస్త తాగితే ఒళ్లు ఎర్రబడి గుండె దడ పట్టుకుంది. తెలిసి, ఇష్టపడి, డాక్టరు చూస్తుండగా వేసుకుంటే చాలామందిని నిలబెట్టిన మందు ఇది. విసిగిపోయిన భార్యో తల్లో దీన్ని పొడిచేసి పప్పులోనో మజ్జిగలోనో చెప్పకుండా కలపడం మన ఊళ్లలో జరుగుతూనే ఉంది. వాళ్ల బాధ నాకు తెలుసు, తప్పుపట్టలేను. కానీ ఆ మనిషికి సంగతి తెలియదు, సాయంత్రం మామూలుగానే క్వార్టర్ తాగుతాడు. జన్యువు ఉన్నవాడు అర గ్లాసు దగ్గర ఆగేవాడు, ఇతనికి ఆగాలని ఎవరూ చెప్పలేదు. అప్పటికే గుండె బలహీనంగా ఉంటే రక్తపోటు ఒక్కసారిగా పడిపోయి ప్రాణం మీదికి రావచ్చు. చివరి మాత్ర వేసిన 14 రోజుల దాకా ఆ ప్రమాదం పోదు. ఇంట్లో ఇప్పటికే కలిపి ఉంటే ఈ రోజే ఆయనకు చెప్పి, ఇద్దరూ కలిసి డాక్టరు దగ్గరికి వెళ్లండి.